బైకుల్లా బంబుఖానా

బొంబాయి నగరమందలి తెలుగువారి చరిత్రను గూర్చి ఇట్టి సంచికలలో పెద్దలు పలువురు వ్రాసియున్నారు. ఎవరు ఏ భవనమును కట్టిరో, ఏ గుత్తేదారు ఏ వాడను వెలయించెనో, ఏ గల్లీలో ఏ భజన మందిరము నెలకొన్నదో మనకు తెలియును. అట్లు కట్టినదానిని నిప్పునుండి కాపాడినవారెవరు అను ప్రశ్న మాత్రము సామాన్యముగా ఎవరికిని తోచదు. కామాఠీపురమున పుట్టి పెరిగిన నాకు ఆ ప్రశ్న చిన్ననాటనే తోచుటకు కారణము నా తెలివి కాదు. మా గల్లీ మొగనుండి కాలినడకను పోదగినంత దూరమున, బైకుల్లాలో, అగ్నిమాపక దళపు ప్రధాన స్థానముండుటయే. తపాలావారి లెక్కలో నేటికిని ఆ కార్యాలయమునకును మా కామాఠీపురమునకును ఒకటే అంకె: 400008.

మావారు దానిని అగ్నిమాపక దళమని గాని, ఫైర్ బ్రిగేడని గాని అనెడివారు కారు. బండి "బంబు", అది యుండుచోటు "బంబుఖానా". మరాఠీవారు మంటలార్పు బండిని బంబు అందురు. స్నానమునకు నీళ్ళు కాచు రాగి పాత్రను గూడ బంబే యందురు. పోర్చుగీసు భాషలో పంపునకు బోంబ యని పేరు. ఈ దీవులు ఒకప్పుడు వారి యేలుబడిలోనివే గనుక మాట అటనుండి వచ్చినదని చెప్పుదురు. ఎట్లు వచ్చినను, ఉదయమున మా వరండాలో పొగ చిమ్ముచు నీళ్ళు కాచు వస్తువును, వీధిలో గంట మ్రోగించుకొనుచు పోవు ఎఱ్ఱని బండియు ఒకటే మాటలో ఇముడుట నాకు వింతగా నుండెడిది. పెద్దవాడనైన పిదప, పూర్వపు ఆవిరి యంత్రములను గూర్చి చదివినప్పుడు, ఆ రెండును నిజముగా దగ్గరి చుట్టములేయని తెలిసినది.

చరిత్రను కొంచెము వెనుకకు పోయి చూడవలెను. 18వ శతాబ్ది చివరి భాగమున హార్న్‌బీ వెలార్డ్ అను కట్ట సముద్రపు పోటును అడ్డగించిన తరువాత బైకుల్లా చుట్టుప్రక్కల పల్లపు నేలలు ఎండి నివాసమునకు పనికివచ్చెను. నైజాము రాజ్యమునుండి ఇండ్లు కట్టు పనికై వచ్చిన తెలుగు కూలీలును మేస్త్రీలును అచ్చట కుదురుకొనిరి. వారిని కామాఠీలనిరి, వారి పేట కామాఠీపురమాయెను. ఇంచుమించు ఆ దినములలోనే, 1803 ఫిబ్రవరి 17వ తేదీన, కోటలోపలి బొంబాయి అంటుకొనెను. ఇండ్లు ఒకదానినొకటి ఆనుకొని యుండుటచే కోటలోని మూడవవంతు వరకు బూడిదయ్యెను. అటుపిమ్మట కోట వెలుపల ఊరు విస్తరించెను. ఆ విస్తరించిన ఊరిలో మట్టి మోసినవారు, గోడ లేపినవారు మనవారు. బొంబాయికి నిప్పు నేర్పిన మొదటి పాఠము మనవారికి పనియైనదని దీని భావము. వినుటకు కటువుగా నున్నను నిజము నిజమే.

అప్పటి సాధనములెట్టివో తలచుకొనిన జాలి కలుగును. తోలు బకెట్లు, నూతులు, చెఱువులు, చేతిపంపులు. చేతిపంపు అనగా నేటి బోరింగు పంపు కాదు. నీటి తొట్టిపై అమర్చిన రెండు పంపులకు ఇరుప్రక్కల పొడుగాటి కాడి యుండును. ఒకవైపువారు దించగా మఱియొకవైపువారు ఎత్తవలెను. కొన్ని నిమిషములకే భుజములు పడిపోవును, మనుష్యులను మార్చవలెను. 1860లో విహార్ సరస్సు నీరు గొట్టముల ద్వారా నగరమునకు వచ్చువఱకు, పంపు ఎంత మంచిదైనను తొట్టిలోనికి నీరు బకెట్లతోనే చేరవలసియుండెను. విహార్ నీరు త్రాగుటకు వచ్చినదని మాత్రమే మనము చెప్పుకొందుము. వీధి క్రింద నిండుగా పాఱు గొట్టము లేనిచో మంటలార్పు యంత్రమేదియు పనిచేయదు గనుక, నా దృష్టిలో ఆ దళపు చరిత్రకు సరియైన ఆరంభము ఆ సరస్సే.

1855లో మంటలార్పు పని పోలీసువారికి అప్పగింపబడెను. గుఱ్ఱపు బండ్లుండెను గాని, దొంగలను పట్టువారే మంటలనార్పవలసి వచ్చెను. 1887 ఏప్రిల్ 1వ తేదీనుండి దళము మునిసిపాలిటీ క్రిందికి వచ్చి ప్రత్యేక సంస్థయయ్యెను. 1888 నాటి మునిసిపల్ కార్పొరేషను చట్టము అగ్నినుండి ప్రాణములను, ఆస్తిని కాపాడుట కమిషనరు విధియని నిర్ణయించెను. 1890లో లండను దళమునుండి నికల్స్ అను అధికారిని రప్పించి దళాధిపతిగా నియమించిరి. ఆ కార్పొరేషనుకు 1893లో ముగిసిన రాతి భవనమును కట్టించిన గుత్తేదారు వ్యంకు బాలాజీ కాలేవార్ అని మనవారు గర్వముగా చెప్పుకొందురు. బోరీబందరు స్టేషను ఎదుట నేటికిని నిలిచియున్న ఆ భవనమునుండియే బైకుల్లా బంబునకు జీతములు మంజూరగుచున్నవి.

ఇక ఆవిరి బంబు. నాలుగు చక్రముల బండి; నడుమ నిలువు బాయిలరు, దాని క్రింద పొయ్యి, ముందు గుఱ్ఱములు. కబురు రాగానే పొయ్యి రగిల్చి గుఱ్ఱములను తోలెడివారు. బండి పరుగెత్తుచుండగా గాలికి నిప్పు రాజుకొని, మంట యున్నచోటికి చేరు వేళకు ఆవిరి సిద్ధమగుచుండెను. ఆవిరి ఒక పిస్టన్‌ను నడుపగా అది పంపు పిస్టన్‌ను నడుపును. కాడి పట్టుకొని అలసిపోవు మనుష్యులతో పని లేదు. నిప్పునార్పుటకు నిప్పునే బండి కెక్కించుకొని, పొగ చిమ్ముచు, నిప్పురవ్వలు రాల్చుచు మన చెక్కయిండ్ల మధ్యనుండి పోవుచున్నప్పుడు చూచినవారికెట్లుండెనో! మా వరండాలోని రాగి బంబునకు ఇదియే పెద్దన్న.

1907లో దళమునకు మొదటి మోటారు బంబు వచ్చెను. గుఱ్ఱమునకు మేత వేయవలెను, మాలిసు చేయవలెను, అది భయపడిన దారి తప్పును. మోటారునకు ఆ బాధ లేదు. అంతకంటె ముఖ్యమైన సంగతి యొకటి కలదు: బండిని నడపిన యింజనే నిలిచిన తరువాత పంపును గూడ త్రిప్పును. రాక, పని రెండును ఒకే యంత్రమువలన జరుగును. నేటి ఎఱ్ఱబండ్లన్నియు, ఎంత పెద్దవైనను, ఆ సూత్రముమీదనే నడచుచున్నవి.

యంత్రము ఎంత మారినను మా గల్లీ మారలేదు. ఇది ఈ వ్యాసమున నేను ముఖ్యముగా చెప్పదలచిన సంగతి. కామాఠీపుర చాల్‌లను చూడనివారికి కొంచెము వర్ణించవలెను. ఇటుక గోడలు కొన్ని, తక్కినదంతయు చెక్క. చెక్క స్తంభములు, చెక్క దూలములు, చెక్క పలకల అంతస్తు, వాటిమీద పేడతో అలికిన మట్టి. ముందు భాగమున పొడుగాటి వరండా, దానిలోనికి తెఱచుకొను తలుపుల వరుస, ఒక మూల కటకటలాడు చెక్కమెట్లు. మెట్ల క్రింద బొగ్గుల బస్తా, మెట్లమీద ఎవరిదో ట్రంకుపెట్టె, తలపైన అటుకమీద ఊరినుండి తెచ్చిన పరుపులు. ప్రతి గదిలో కిరసనాయిలు స్టవ్. ప్రాణములు దక్కుటకు కారణమును అదే వరండా. పొగ వాసన ఒక గదిలో పుట్టిన మరుక్షణమున ఇరువది తలుపులు తెఱచుకొనును. తెలియదు అనువాడొకడును ఉండడు.

నా పదియవ యేట, 1970లో, మా గల్లీలో ఒక చాల్ రెండవ అంతస్తున స్టవ్ ప్రేలి చెక్కతడిక అంటుకొన్నది. మొదట పిల్లలను దించిరి. తరువాత వరండా పొడుగునను ఆడవారు నిలిచి, దండెములమీది చీరలన్నిటిని లాగి క్రిందికి విసరిరి. గుడ్డకు నిప్పంటిన గాలికి ఎగిరి ప్రక్క చాల్‌పై పడునని వారికి ఎవరును చెప్పలేదు. బంబు గంట వినబడెను. అప్పటి బండిలో డ్రైవరు ప్రక్కనున్నవాడు ఇత్తడి గంటను చేతితో కొట్టెడివాడు. ఆ శబ్దము గల్లీ మొగవఱకు వచ్చి ఆగిపోయెను. బండి లోనికి తిరుగుటకు చోటు లేదు: రెండు తోపుడుబండ్లు, నులకమంచములు, ఒక పందిరి గుంజ. బంబువారు ఒక్క మాటయు అనలేదు. కాన్వాసు గొట్టములను భుజములపై చుట్టలుగా వేసికొని పరుగెత్తి, దొర్లించుచు, ఒకదాని ఇత్తడి మూతిని మఱియొకదానిలో బిగించుచు పోయిరి. నీటి కొళాయి రాతిమూత క్రింద నుండెను. ఆ మూతపైననే ఒక తోపుడుబండి నిలిచియుండెను. దానిని తొలగించినది మా బాపు, ఇంకను మిల్లునుండి దిగివచ్చిన మరి నలుగురు. కొంచెము సేపటికి చదునుగా పడియున్న గొట్టము పాము బుస కొట్టినట్లు ఉబ్బినది. నాలుగు గదులు పోయెను, మనుష్యులెవరును పోలేదు. మరునాడు తోపుడుబండ్లు యథాస్థానములకు చేరెను.

ఆ సాయంత్రము మా నాయినమ్మ నిమ్మళముగా కూర్చుండి, "ఇది ఏం మంట బిడ్డా! నువ్వు రేవు మంట సూడలే" అన్నది. ఆమె చెప్పినది 1944 ఏప్రిల్ 14వ తేదీ సంగతి.

ఆ కథను మనవారిలో అనేకులు వినియుందురు. యంత్రముల దృష్టితో చూచినవారు తక్కువ. ఫోర్ట్ స్టికీన్ అను ఓడ ఇంగ్లండులోని బర్కెన్‌హెడ్‌నుండి బయలుదేరి, కరాచీ మీదుగా వచ్చి విక్టోరియా డాకులో నిలిచెను. అందులో 1,395 టన్నుల ప్రేలుడు పదార్థములు, పెట్టెలలో బంగారు కడ్డీలు, కరాచీలో ఎక్కించిన వేలకొలది పత్తి బేళ్ళు. మధ్యాహ్నము సుమారు రెండు గంటలకు పొగ కనబడెను. రేవులోని దళపు మనిషి టెలిఫోను చేసి, ఇది ప్రేలుడు సామగ్రి గల ఓడయని తెలుపవలసియుండెను. దొరికిన టెలిఫోనునకు అంకెల చక్రము లేకపోగా అతడు ప్రక్కనున్న అలారపు పెట్టె అద్దమును పగులగొట్టెనని ఆనాటి వృత్తాంతములు చెప్పుచున్నవి. గంట మ్రోగినది. గంటకు తెలిసిన మాట ఒక్కటే, నిప్పు అని. ఏమి అంటుకొన్నదో అది చెప్పజాలదు. మొదట రెండు పంపులు మాత్రమే బయలుదేరెను. సంగతి తెలిసిన పిదప తక్కినవి వచ్చెను, దళాధిపతి నార్మన్ కూంబ్స్ స్వయముగా వచ్చెను. ఓడ గర్భములోనికి 900 టన్నులకు పైగా నీరు పోసిరి. ఆ నీరు ఓడలోనే సలసల కాగుచుండెను. 4 గంటల 6 నిమిషములకు ఓడ ప్రేలెను. అరగంట లోపుననే రెండవసారి ప్రేలెను. సిమ్లాలోని భూకంప యంత్రము ఆ కుదుపును నమోదు చేసినది.

"భూమి అదిరింది, పెంకులు జారి పడ్డయి. జపానోడు బాంబేసిండని అందరు ఉరికిన్రు. మొగులంత నల్లగయింది, అండ్లకెల్లి పత్తి మండుకుంట రాలింది" అని నాయినమ్మ చెప్పెడిది. మండుచున్న పత్తి బేళ్ళు నిజముగానే రేవు చుట్టునున్న పేటలపై పడి ఊరిని అంటించెను. ఎనుబది వేలమంది ఇండ్లు లేనివారైరి. చనిపోయినవారిలో దళమువారు 66 మంది. ఓడను విడిచిపొండు అను మాట వచ్చిన తరువాతను గొట్టములు పట్టుకొని నిలిచిన చేతులవి.

వారి స్మారకము బైకుల్లాలోనే యున్నది. ఏటేట ఏప్రిల్ 14వ తేదీన అచ్చట వందనము జరుగును. దేశమంతటను ఆ దినమునుండి 20వ తేదీవఱకు అగ్నిమాపక సేవా వారోత్సవము. అదే దినము డాక్టరు అంబేద్కరు జయంతి గనుక నాగపాడా, బైకుల్లా వీధులలో డోళ్ళు, ఊరేగింపులు, నీలి పతాకములు. నేను చిన్నప్పుడు ఊరేగింపును చూచుటకు పోయి, బంబుఖానా వాకిట వరుసగా నిలిచియున్న ఎఱ్ఱబండ్లను చూచుచు ఊరేగింపును మఱచెడివాడను.

చెక్కయిండ్ల అపాయము పాతకాలపు కథ కాదు. 2015 మే 9వ తేదీన కాల్బాదేవిలోని గోకుల్ నివాస్ అను పాత భవనము అంటుకొన్నప్పుడు, అది ఉన్నపాటున కూలి, దళాధిపతి సునీల్ నేసరికరు, ఆయన సహాధికారులు సుధీర్ అమీన్, రాణే, దేశాయి అను నలుగురు ప్రాణములు కోల్పోయిరి. ఇరువురు అక్కడనే, ఇరువురు తరువాత ఆసుపత్రిలో. మంటవలన కాలిన దూలము ఏ క్షణమున విడిచిపోవునో ఏ యంత్రమును చెప్పజాలదు. 2008 నవంబరులో తాజ్ హోటలుపై దాడి జరిగినప్పుడు తుపాకులు మ్రోగుచుండగనే దళమువారు నిచ్చెనలు వేసి కిటికీలనుండి అతిథులను దించిరి. అధికారులు వెనుక నిలిచి ఆజ్ఞలిచ్చు పద్ధతి ఆ దళమున లేదు.

ఇప్పుడు మన కుటుంబములు చాల్‌లను విడుచుచున్నవి. వర్లీలో 1920లలో ప్రభుత్వము కట్టించిన బి.డి.డి. చాల్‌లలో తరతరములుగా మిల్లు కూలీలు కాపురముండిరి. వారిలో మనవారును ఉండిరి. 160 చదరపు అడుగుల గదులవి. వాటి స్థానమున లేచిన 40 అంతస్తుల భవనములలో 2025 ఆగస్టున 556 కుటుంబములకు తాళపుచెవులు ఇచ్చిరి. కామాఠీపుర పునర్నిర్మాణమును మ్హాడా చేపట్టినది. సంతోషింపదగినదే. వరండా చివర పాయిఖానా ముందు చెంబుతో వరుసలో నిలిచిన నేను చాల్‌ను తలచి కన్నీరు కార్చు కవిని కాను.

అయితే లెక్క యొకటి కలదు. గుమాస్తాగిరి చేసినవాడను గనుక లెక్క నన్ను విడువదు. 2015లో దళము ఫిన్లాండునుండి 90 మీటర్ల ఎత్తునకు లేచు నిచ్చెనబండిని తెప్పించినది. చాలా గొప్ప యంత్రము. అది చేరగలది సుమారు ముప్పది అంతస్తుల వఱకు. అదియు, అంత బరువైన బండి నిలిచి కాళ్ళు చాపుకొనుటకు గట్టి నేల, ఖాళీ చోటు ఉన్నప్పుడే. నలుబదియవ అంతస్తున నున్నవానికి బైకుల్లానుండి నిచ్చెన రాదు. అతని బంబు అతని భవనములోనే యుండవలెను: నేలక్రింది తొట్టి, పంపు, మెట్లప్రక్కన పైవఱకు పోవు గొట్టము, ప్రతి అంతస్తున ఎఱ్ఱపెట్టె, అందులో చుట్టిన గొట్టము. 24 మీటర్లు దాటిన మొదటి అంతస్తున, అటుపైన ప్రతి ఏడవ అంతస్తున, ఆశ్రయము పొందుటకు ఖాళీ చోటు విడువవలెనని నిబంధన. ఆ ఖాళీ చోటును చూచిన మనవారికి మొదట తోచునది బియ్యపు డబ్బాలు, పాత మంచము. మెట్లమీద ట్రంకుపెట్టె పెట్టిన చేతులే గదా!

పూర్వము బంబు మన యొద్దకు వచ్చెడిది. మన పని త్రోవ విడుచుటయే. ఇప్పుడు బంబులో సగము మన గోడలలోనే యున్నది, దానిని కాచవలసినవారము మనమే. 2006 నాటి మహారాష్ట్ర చట్టము ప్రకారము, ఈ సాధనములన్నియు పనిచేయుచున్నవని లైసెన్సు గల సంస్థవారు ఏటేట జనవరిలోను, జూలైలోను పత్రమీయవలెను. పత్రము వచ్చును. చాల్‌లో పొగ వాసనకు ఇరువది తలుపులు తెఱచుకొనెడివి. ఇప్పుడు ఎదురింటివారి పేరు గంట మీటప్రక్కనున్న పలక చూచి తెలిసికొనవలెను.

నేనిప్పుడు నివసించు భవనము 22 అంతస్తులది, ఒక పాత చాల్ స్థలమున లేచినది. మొన్నటి జనవరిలో ఒక కుఱ్ఱవాడు ఆ పత్రమును తెచ్చి మా సొసైటీ కార్యదర్శి చేతిలో పెట్టెను. లిఫ్టు ప్రక్కన కుర్చీలో మా పెద్దమ్మ కూర్చుండియున్నది. ఎనుబదియారేండ్లు, తొమ్మిదవ గల్లీలో కాపురము చేసినది, చీరలు విసరినవారిలో నొకతె.

"అది ఏం కాయిదం కొడుకా?"

"నీళ్ళ పైపులు బాగున్నాయని, అమ్మా."

"కాయిదం సరే గని, నీళ్లు వస్తయా?"

కుఱ్ఱవాడు నవ్వెను. కార్యదర్శి నవ్వలేదు; "చూతము రండి" అని లేచెను. మేము అయిదారుగురము, పెద్దమ్మను లిఫ్టులో కూర్చుండబెట్టుకొని, డాబామీదికి పోతిమి. ఎఱ్ఱపెట్టె తలుపు ఒకపట్టున రాలేదు. వచ్చిన తరువాత గొట్టమును పఱచి, చక్రమును ఇద్దరు పట్టి త్రిప్పిరి. క్రింద పంపు మొదలైన చప్పుడు గోడలో వినబడెను. మొదట గాలి వచ్చెను, తరువాత తుప్పుతో ఎఱ్ఱని నీరు, తరువాత తెల్లని నీరు. గొట్టము ఉబ్బి, పట్టుకొన్న కుఱ్ఱవానిని రెండడుగులు వెనుకకు నెట్టెను. డాబా చివర ఎవరో ఎండబెట్టిన సగ్గుబియ్యపు వడియములన్నియు తడిసి కొట్టుకొనిపోయినవి. వారికి సమాధానము చెప్పు పని కార్యదర్శికి పడినది. పెద్దమ్మ మాత్రము జూలైలో మరల పిలువుమని చెప్పి, లిఫ్టు ఎక్కినది.